తోమిన రాయి

పెరంబూరు, మద్రాసు
21 అక్టోబరు 1974

కోడలు అమలమ్మకు మామ శౌరయ్య దీవెనలు.

రైలు దిగి రెండు రోజులైంది. ఎలిజబెత్ ఇల్లు బాగానే ఉంది గాని ఊరే బాగాలేదు. ఇంత పెద్ద సముద్రం పక్కనే పెట్టుకుని వీధిలోకి దాని వాసన కూడా రాదు. నలభై ఏళ్లు బందరు రేవులో లాంచీ నడిపినవాణ్ణి తీసుకొచ్చి మేడమీద గదిలో కూచోబెట్టి "కదలొద్దు నాన్నా" అంటోంది మీ ఆడపడుచు. కంటి ఆపరేషను ఇరవై ఎనిమిదిన. డాక్టరు కుర్రాడే. చేతులు వణకడం లేదు, అది చాలు నాకు.

ఇక చేపల తొట్టి సంగతి. స్టేషన్లో నేను చెప్పిందేదీ నువ్వు వినలేదు, సంచులు లెక్కపెట్టుకుంటూ ఊ కొట్టావు. అందుకే మళ్లీ రాస్తున్నా. ఎండకి ఇగిరిపోయేది మంచినీళ్లే, ఉప్పు తొట్టిలోనే ఉండిపోతుంది. కాబట్టి మట్టం తగ్గినప్పుడు పోయాల్సింది కుళాయి నీళ్లు. అవీ ఒకరోజు బిందెలో నిలవబెట్టి, బ్లీచింగు వాసన పోయాక. పాల డిపోలో పాలు చూసే లాక్టోమీటరు గూట్లో ఉంది. తొట్టిలో వేస్తే ఇరవై అయిదో గీత దగ్గర తేలాలి. బాలశౌరి శనివారం శనివారం బందరు పాసింజర్లో రొయ్యల గంపలతో పాటు ఒక డబ్బా సముద్రపు నీళ్లు తెచ్చిస్తాడు. వాటితో పాత నీళ్లు కొంచెం మార్చు. మేత రోజుకొక్కసారి, సన్నగా తరిగిన రొయ్య, చిటికెడు. పట్టీల చేపలు రెండూ ఆకలని నటిస్తాయి, నమ్మొద్దు. నీలం చేప బుద్ధిమంతురాలు.

రాళ్ల జోలికి మాత్రం పోవద్దు. అంతోని తన ఆఖరి సెలవులో మండపం రేవు నుంచి కిరసనాయిలు డబ్బాలో తడిగోనె చుట్టి తెచ్చినవి అవి. పడవతో పాటు పోయిన నా కొడుకుని సముద్రం తిరిగివ్వలేదు. వాడి చెయ్యి తగిలినవాటిలో మనకి మిగిలింది ఆ తొట్టి ఒక్కటే. నవంబరు రెండున సమాధుల పండక్కి నేనుండను కదా, తొట్టి ముందు నేను వెలిగించే కొవ్వొత్తి ఈ యేడు నువ్వు వెలిగించు.

శౌరయ్య


గవర్నర్‌పేట, విజయవాడ
4 నవంబరు 1974

మామయ్యగారికి అమల నమస్కారాలు.

ఆపరేషను బాగా జరిగిందని ఎలిజబెత్ వదిన కార్డు రాసింది. చాలా సంతోషం. కట్టు విప్పేదాకా వదిన చదివి వినిపిస్తుందట కాబట్టి మీ మీద చాడీలు రాయలేను.

తొట్టి బాగుంది. లాక్టోమీటరు ఇరవై అయిదు. కంకిపాడులో మా నాన్న పొలానికి చౌడు తగిలిందంటే ఇంట్లో అన్నం సయించేది కాదు ఎవరికీ. ఆయన కూతుర్ని, రోజూ గొట్టం ముంచి ఉప్పు సరిపోయిందా అని చూస్తున్నాను. నేలమీద పడ్డ ఉప్పు చారలు తుడవలేక నా నడుం విరుగుతోంది. బళ్లో పిల్లలు నా దగ్గర రొయ్యల వాసన వస్తోందని గుసగుసలాడుకుంటున్నారు.

సమాధుల పండక్కి ఉదయం పూజకి వెళ్లి, అక్కణ్ణించి అందరితో పాటు సమాధుల తోటకి వెళ్లాను. అందరూ వాళ్ల వాళ్ల సమాధులు కడిగి, సున్నం వేసి, బంతిపూలు పరిచారు. ఇంటికొచ్చి మీరు చెప్పినట్టే కొవ్వొత్తి వెలిగించాను. ఇల్లంతా, తొట్టి సహా, శుభ్రం చేశాను. మీరు వచ్చి చూస్తే సంతోషిస్తారు. ఇంతకంటే ఇప్పుడు చెప్పను.

అమల


గవర్నర్‌పేట
8 నవంబరు 1974

మామయ్యగారికి,

ఈ ఉత్తరం అందిన వెంటనే జవాబు రాయించండి. నిన్నటి నుంచి చేపలు మూడూ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. మేత వేస్తే ముట్టడం లేదు. నీళ్లు కొంచెం పాలిపోయినట్టున్నాయి, వాసన కూడా వస్తోంది. గాలి మోటారు బాగానే తిరుగుతోంది. ఏం చెయ్యమంటారు?

అమల


పెరంబూరు
11 నవంబరు 1974

అమలమ్మా,

మేత ఆపెయ్యి. మూడో వంతు నీళ్లు తోడేసి బాలశౌరి తెచ్చినవి పొయ్యి. రెండు రోజులాగి మళ్లీ అంతే. శనివారం దాకా ఆగకుండా వాడికి కబురు చెయ్యి, ఈ వారం నాలుగు డబ్బాలు తెమ్మను. కరెంటు పోతే చెంబుతో తొట్టిలో నీళ్లు ఎత్తి పైనుంచి పోస్తూ ఉండు. గాలి తగలాలి వాటికి.

ఇప్పుడు అడిగినదానికి జవాబు చెప్పు. తొట్టి సహా శుభ్రం చేశానన్నావు. ఏం చేశావు? తొట్టిలో ఏదో చచ్చి కుళ్లితే తప్ప చేపలు అలా పైకి రావు. అవి ఉత్త రాళ్లు కావు అమలా. ప్రాణమున్న రాళ్లు. వాటి చిల్లుల నిండా కంటికి ఆనని పురుగూ నాచూ ఉంటాయట, చేపల మురికి తిని నీళ్లు నిలబెట్టేది అవేనట. సముద్రంలోంచి తీసినా ఎండ తగలకూడదు, మంచినీళ్లు తగలకూడదు, అందుకే గోనె చుట్టి తెచ్చానని అంతోని చెప్పాడు. వాటికేమైనా అయిందా?

కట్టుతో పడుకుని రాస్తున్నా, అక్షరాలు చూసి నవ్వకు.

శౌరయ్య


గవర్నర్‌పేట
18 నవంబరు 1974

మామయ్యగారికి నమస్కారాలు.

మీరు చెప్పినవన్నీ చేశాను. బాలశౌరి గురువారమే నాలుగు డబ్బాలు దించి వెళ్లాడు. మీ మామగారికి సముద్రం మీద బెంగ తీరలేదా అని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. శుక్రవారం మధ్యాహ్నం కరెంటు మూడు గంటలు పోయింది. బడికి సెలవు చీటీ పంపి, చెంబుతో నీళ్లు ఎత్తిపోస్తూ కూచున్నాను. చెయ్యి లాగేస్తే ఎడమ చెయ్యి, అదీ లాగేస్తే మళ్లీ కుడి చెయ్యి.

ఇప్పుడు కొంచెం నయం. చేపలు మూడూ బాగున్నాయి. తొట్టి శుభ్రం అంటే అద్దం బయటివైపు తుడిచాను, అంతే. రాళ్లను నేను ముట్టుకోలేదు. అవి ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి.

మీ ఉత్తరంలో రెండో వరస మొదటి వరస మీదికి ఎక్కింది. చివర నాలుగు ముక్కలు కాగితం దాటి పోయాయి, నేను ఊహించి చదువుకున్నాను. కట్టు ఇంకా విప్పలేదా? పది రోజులన్నారు కదా.

అమల


పెరంబూరు
23 నవంబరు 1974

అమలమ్మకు,

కట్టు సంగతి డాక్టరు చూసుకుంటాడు. ఆయన చేసే పని నీకెందుకు?

చేపలు మూడూ బాగున్నాయంటే నా ప్రాణం లేచొచ్చింది. రాళ్లను ముట్టుకోలేదన్నావు, మంచిపని చేశావు. ఒక్క సంగతి చూసి రాయి. ఎడమవైపు పెద్ద రాయి కింద చిన్న గొట్టంలో ఎర్రటి పురుగొకటి ఉంటుంది. దీపాలు పెట్టేవేళకి బయటికొచ్చి విసనకర్రలాగా విచ్చుకుంటుంది. రాళ్లు బాగున్నాయా లేదా అన్నది దాన్ని చూస్తే తెలిసిపోతుంది. విచ్చుకుంటోందా?

శౌరయ్య


గవర్నర్‌పేట
28 నవంబరు 1974

మామయ్యగారికి నమస్కారాలు.

ఎర్ర పురుగు నిక్షేపంలా ఉంది. రోజూ దీపాలవేళకి విచ్చుకుంటోంది. నిన్న పక్కింటి సంపూర్ణమ్మగారిని పిలిచి చూపించాను, ముద్దమందారంలా ఉందని ఆవిడ ముచ్చటపడింది. చేపలు మేత తింటున్నాయి. పట్టీల చేపలు మీరన్నట్టే ఆకలని నటిస్తున్నాయి. మీరు ఇక్కడి గురించి ఏ బెంగా పెట్టుకోకుండా కన్ను చూసుకోండి.

మీ ఉత్తరం మళ్లీ వంకరగానే ఉంది.

అమల


పెరంబూరు
2 డిసెంబరు 1974
(కార్డు)

అమలా,

ఆ రాళ్ల మీద ఎర్ర పురుగంటూ ఏనాడూ లేదు. నేను కల్పించాను. సంపూర్ణమ్మకి ఏం చూపించావు?

నిజం రాయి.

శౌరయ్య


గవర్నర్‌పేట
6 డిసెంబరు 1974

మామయ్యగారికి,

కార్డు మీద రాశారు. పోస్ట్‌మన్ నా చేతికిస్తూ నా మొహం వంక చూశాడు. కవరు పెట్టాలని కూడా అనిపించలేదు మీకు, అంత కోపం వచ్చిందన్నమాట. రానివ్వండి.

రాళ్లు తోమాను. నేనే. మా అమ్మ కంకిపాడు నుంచి వచ్చి తెలియక చేసిందని రాద్దామని రెండుసార్లు కాగితం తీశాను. రాయలేకపోయాను. ఎవరూ చెయ్యలేదు, నేనే చేశాను.

ఆవేళ సమాధుల తోటలో ప్రతి ఆడదానికీ ఒక పని ఉంది మామయ్యా. ఒకామె మొగుడి సమాధి మీద మట్టి కడుగుతోంది, ఒకామె శిలువకి సున్నం కొడుతోంది. వెంకటరత్నమ్మగారు వాళ్లాయన పేరులో ఊడిన అక్షరానికి రంగు దిద్దుతోంది. చీపురు పట్టుకుని నిలబడ్డాను నేను. ఎక్కడ ఊడవాలి? తోముకోవడానికి నాకు సమాధి కూడా లేదు. పక్కవాళ్ల సమాధి ఊడ్చి ఇంటికొచ్చాను.

ఇంటికొచ్చి మీరు చెప్పిన కొవ్వొత్తి వెలిగించాను. ఎదురుగా రాళ్లు, పాచి పట్టి, ఊదా మచ్చలతో, జిగురు జిగురుగా. రెండేళ్లుగా మీరు దాని ముందు కుర్చీ వేసుకుని కూచుంటారు. అక్కడే జపమాల చెప్పుకుంటారు, అక్కడే కొవ్వొత్తి పెడతారు. ఈ ఇంట్లో అంతోని సమాధి ఏదంటే అదే అని మీరే కదా నాకు నేర్పింది. మరి సమాధుల పండగనాడు సమాధిని పాచితో వదిలేస్తారా ఎవరైనా? నాలుగు రాళ్లూ బయటికి తీశాను. కొబ్బరిపీచు, బూడిద పెట్టి తోమాను. కుళాయి కింద మూడుసార్లు కడిగాను. డాబా మీద మధ్యాహ్నమంతా ఎండబెట్టి, సాయంత్రం మళ్లీ తొట్టిలో పెట్టాను. తెల్లగా మెరిసిపోయాయి. ఆ పూట నేను ఎంత సంతోషంగా ఉన్నానో మీకు చెప్పలేను. రెండేళ్లలో మొదటిసారి అంతోనికి నా చేత్తో ఏదో చేసినట్టనిపించింది.

ప్రాణమున్న రాళ్లన్న మాట మీ పదకొండో తారీఖు ఉత్తరంలో చదివేదాకా నాకెవరూ చెప్పలేదు. జోలికి పోవద్దన్నారు, ఎందుకో చెప్పలేదు. ఆయన తెచ్చినదాన్ని నా చేతులతో బూడిద పెట్టి చంపానని ఏ మొహంతో రాయను? అందుకని అబద్ధం రాశాను. ఒకదాని వెనక ఒకటి. పట్టీల చేప ఒకటి పదో తారీఖునే చచ్చింది. రెండోది ఇరవై నాలుగున. రెంటినీ కనకాంబరం కుండీలో పూడ్చాను. నీలం చేప ఒక్కటే ఉంది, అది కూడా మూల నక్కి కూచుంటోంది.

మీరు నాకు పురుగు పేరు చెప్పి పరీక్ష పెట్టారు. బళ్లో పిల్లలకి కూడా నేను అలాంటి పరీక్ష పెట్టను. అబద్ధం నాదే, కాదనను. కాని కొడుకు పోయాడని మీరు ఒక్కరే దుఃఖపడ్డారు ఈ ఇంట్లో. మొగుడు పోయినదాన్ని నేనూ ఉన్నానని మీకు ఏ సాయంత్రమూ గుర్తుకు రాలేదు. ఆ కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వెయ్యమని ఒక్కసారి అనలేదు మీరు.

రాళ్లు తీసేసి తొట్టి బోర్లించెయ్యమంటే బోర్లించేస్తాను. మీరు ఎలిజబెత్ వదిన దగ్గరే ఉండిపోతానన్నా నాకు మాట్లాడే హక్కు లేదు.

అమల


పెరంబూరు
14 డిసెంబరు 1974

అమ్మా అమలా,

నీ ఉత్తరం ఎలిజబెత్ రెండుసార్లు చదివింది. రెండోసారి అదే ఏడ్చింది, నేను ఆపమన్నాను.

ముందు పని చెప్తాను. తొట్టి బోర్లించొద్దు. పెద్ద రాయి వెనకాల, కుడివైపు మూల, ఇసుకలో చెయ్యి పెట్టి వెతుకు. పిడికెడంత ముక్క ఒకటి ఉండాలి. పోయిన వేసవిలో విరిగి పడితే అక్కడే వదిలేశాను. నువ్వు నాలుగు రాళ్లు తీశానన్నావు, అది అయిదోది. అది జిగురుగా, పాచిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. చచ్చిన రాళ్లను దాని చుట్టూ తగిలేలా పెట్టు. దాని మీదివి మెల్లగా వీటి మీదికి పాకుతాయి. ఆరు నెలలు పట్టొచ్చు, ఏడాది పట్టొచ్చు. వారం వారం నీళ్లు మార్చు. నీలం చేపకి రెండురోజులకొకసారి మేత చాలు. ఆ ముక్క కూడా గరుకు గరుకుగా ఉంటే ఇక మనం చెయ్యగలిగింది లేదు.

ఇప్పుడు నా సంగతి. అవి ప్రాణమున్న రాళ్లని అంతోని భోజనాల దగ్గర చెప్పాడు. నువ్వు వంటింట్లో ఉన్నావు, వినలేదు. వాడు పోయాక నీకు చెబుదామని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. చెబితే నువ్వు కూడా వచ్చి దాని ముందు కూచుంటావు. అంతోని కొంచెం నీవాడైపోతాడు. అది ఓర్చుకోలేకపోయాను. కుళ్లు అమ్మా, ఇంకో పేరేమీ లేదు దానికి. బతికున్నదాన్ని సమాధి చేసింది నేను. సమాధిని తోమడం నీ తప్పెలా అవుతుంది? ఇక దాని ముందు కొవ్వొత్తి పెట్టొద్దు.

పరీక్ష పెట్టానన్నావు. నేనూ నీకు అబద్ధమే రాస్తున్నాను ఇన్నాళ్లూ. కట్టు నవంబరు ఎనిమిదిన విప్పారు. లోపల చీము పట్టింది, ఆపరేషను చేసిన కన్ను పోయింది. రెండో కన్ను పోయి మూడేళ్లయింది, అది అంతోనికి కూడా చెప్పలేదు. కట్టు విప్పాక నీకు రాసిన ఉత్తరాలన్నీ కాగితం మీద స్కేలు అడ్డం పెట్టుకుని తడుముకుంటూ రాసినవే. మీ ఆడపడుచు తాను రాస్తానంటే ఒప్పుకోలేదు, నీకు తెలిసిపోతుందని. అయినా వరస మీద వరస ఎక్కింది, నువ్వు ఇట్టే పట్టేశావు.

ఇక ఆ తొట్టిని నేను చూడలేను. ఆ మూలరాయి బతికిందో లేదో, పాచి పాకుతోందో లేదో నువ్వు చెప్పాలి, నేను వినాలి. నువ్వు ఎర్ర పురుగు ఉందంటే ఉన్నట్టే. కనిపెట్టే దారి నాకు లేదు. అది నీకు తెలియాలని రాస్తున్నాను. రమ్మంటే వస్తాను.

శౌరయ్య


గవర్నర్‌పేట
20 డిసెంబరు 1974

మామయ్యా,

రమ్మంటే వస్తానా? మీ ఇంటికి మిమ్మల్ని నేను రమ్మనాలా? బడికి రేపటి నుంచి క్రిస్మస్ సెలవులు. ఇరవై రెండున మెయిల్లో బయల్దేరుతున్నాను. ఇరవై మూడు ఉదయం అక్కడ దిగుతాను, ఆ సాయంత్రమే తిరుగు ప్రయాణం. వదినతో చెప్పి మీ సంచి సర్దించి ఉంచండి. నీలం చేపను సంపూర్ణమ్మగారికి అప్పగించాను, మేత పెట్టొద్దని మూడుసార్లు చెప్పాను.

మీ కళ్ల గురించి ఏం రాయాలో తెలియడం లేదు. ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. ఏడ్చి లేచి మీ ఉత్తరాలన్నీ తీసి ఆ వంకర వరసలు మళ్లీ చూశాను. ఎంత కోపం వచ్చిందో, అంత జాలీ వేసింది.

రాయి సంగతి. మీరు చెప్పిన మూల వెతికాను. మొదటిరోజు దొరకలేదు. రెండోరోజు మోచేతిదాకా ఇసుకలోకి పెట్టి తడిమితే వేళ్లకి తగిలింది. పిడికెడు కంటే చిన్నదే. ఒకవైపంతా గరుకు. ఇసుకలో కూరుకున్న వైపు బొటనవేలంత మేర జారుడుగా ఉంది. అది ప్రాణమో, కుళ్లో నాకు తెలియదు. వాసన చూశాను, కుళ్లు వాసన లేదు. మూడు పూటలా చూశాను, ఏ మార్పూ లేదు. మిగతా నాలుగు రాళ్లు సన్నికల్లులా గరుకుగా ఉన్నాయి, వాటి మీద ఏమీ లేదు. ఏమీ లేదనే రాస్తున్నాను.

కనిపెట్టే దారి లేదన్నారు. ఉంది. నేను మిమ్మల్ని మోసం చేసి చూశాను, మీరు నన్ను మోసం చేసి చూశారు, ఇక మీరు నా మాట ఒక్కటీ నమ్ముకుని కూచుంటే నాకు ఊపిరాడదు. అలాంటి నమ్మకం నాకొద్దు మామయ్యా. ఇంటికొచ్చాక తొట్టి ముందు రెండు కుర్చీలు వేస్తాను. సబ్బు అంటని చేతులతో కూచోండి. ఆరోజు నేను చూసింది ముందు నేను చెప్తాను, తరవాత మీ చెయ్యి పట్టుకుని రాయి మీద పెడతాను. గరుకో, జారుడో మీరే చెప్పండి. మళ్లీ అబద్ధం చెప్తే మీ వేళ్లకి దొరికిపోవాలి నేను.

అమల